నాచమ్మ మెడ మీది గాట్లు

మడ అడవిలో చేపలు పలచబడ్డాయి. పున్నమి పోటుకి పాయ దాటి అవతలి లంకకి పోవాలని నీటికుక్కల గుంపు తీర్మానించుకుంది. అందరికీ సంబరమే, ఎర్రోడికి తప్ప. వాడు నక్క పిల్ల.

ఎప్పుడో ఉప్పెనలో తాటిమొద్దు మీద కొట్టుకొచ్చిన వాణ్ణి సాకింది ఆ గుంపే. వాళ్ళు పట్టిన చేపే తిన్నాడు, వాళ్ళ బొరియలోనే పడుకున్నాడు. ఈత మాత్రం రాలేదు. ఎవరూ చూడనప్పుడు ఒడ్డు పక్కన తనంతట తనే తంటాలు పడేవాడు. కాలి కింద బురద తగలకపోతే చాలు, వెనక్కి వచ్చేసేవాడు.

వాడికి ఈత రాకపోవడం వాడి ఈడు పిల్లలకి ఓ వేడుక. వాళ్ళలో జెల్లకి నోరెక్కువ. "మేం కడుపులోంచే ఈదుకుంటూ వచ్చినవాళ్ళం. నీకెలా వస్తుందిరా? ఇక్కడే కూర్చుని ఊళ వెయ్యి, మేం అవతల్నించి వింటాం" అన్నాడు.

ఎర్రోడు నాచమ్మ దగ్గరికి వెళ్ళాడు. గుంపు మొత్తానికీ ఈత నేర్పే ముసలిది ఆవిడే. గురువైనా, మామ్మైనా ఆవిడే. తను ఇక్కడే ఉండిపోతానని చెప్పాడు. నక్కగా రాసిపెట్టి ఉన్నవాణ్ణి ఏ పెంపకమూ పాయ దాటించలేదన్నాడు. చెబుతూ చెబుతూ ముక్కు కాళ్ళ మధ్య దాచుకున్నాడు.

నాచమ్మ ఓదార్చలేదు. "పొద్దున్నే రా" అంది.

ఆ గుంపులో ఒక కట్టడి ఉంది. పిల్లకి తొలిసారి నీళ్ళు చూపించేటప్పుడు నేర్పే ముసలిది తప్ప ఇంకెవరూ అక్కడ ఉండకూడదు. కన్నతల్లయినా సరే. మర్నాడు నాచమ్మ ఆ కట్టడి తప్పింది. ఎర్రోణ్ణి మడచెట్టు వేళ్ళ మధ్య కూర్చోబెట్టి, ఈ మధ్యే కళ్ళు తెరిచిన పిల్లనొకదాన్ని నోట కరుచుకుని పాయలోకి దిగింది. దాన్ని నీళ్ళలో వదిలింది.

పిల్ల కెవ్వుమంది. మునిగింది. నీళ్ళు మింగి, దగ్గి, నాచమ్మ మెడ మీదికి పాకి గోళ్ళు దించింది. ఆవిడ విడిపించి మళ్ళీ వదిలింది. మళ్ళీ అదే గోల.

ఎర్రోడు లేచి నిలబడ్డాడు. "అది నీటికుక్క పిల్లే కదా మామ్మా?"

"అవును."

"జెల్ల కూడా ఇలాగే ఏడ్చాడా?"

నాచమ్మ పిల్లతో ఒడ్డుకొచ్చి మెడ వంచింది. బొచ్చు కింద ఒకదాని మీద ఒకటి మానిపోయిన గాట్లు. చెవి వెనకాలది అన్నిటికన్నా లోతు. "ఇది వాడిదే. వాడికి గుర్తులేదు."

ఎర్రోడు ఆ గాట్లని ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాడు.

"నావి ఏవి మామ్మా?"

"నువ్వెప్పుడు పట్టుకున్నావు?"

పిల్లని వేళ్ళ మధ్య పడుకోబెట్టి ఆవిడ మళ్ళీ పాయలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పున్నమి వచ్చింది. పొద్దెక్కి పోటు నిండగానే గుంపు పాయ దాటింది. లంక ఒడ్డున అందరూ ఒళ్ళు దులుపుకుంటుంటే జెల్ల చూపు నాచమ్మ మెడ మీద పడింది. పచ్చి గాట్లు, వాటిలో కొన్ని మరీ మొరటువి. ఇంతింత గోళ్ళు ఎవరివని అడిగాడు.

పక్కనే ఎర్రోడు తడి తోక నాక్కుంటున్నాడు.

"మన పిల్లలవే" అంది నాచమ్మ.