మఠం ఆవు ఈనిన పూట

సోమలింగం నోరు తెరిస్తే ఏటి అవతలి ఎద్దులు కూడా మేత మానేసి వినేవి. తలలో శాస్త్రాలు ఎక్కువై తలపాగా నిలిచేది కాదు. అలాంటివాడికి ఆ పొద్దున ఏ శాస్త్రమూ అక్కరకు రాలేదు.

అతని చెల్లెలు గౌరి నిన్న ఆడపిల్లను కన్నది. పుట్టగానే బిడ్డ అరిచిన అరుపుకి ఊళ్ళో కుండలన్నీ బీటలిచ్చాయి. ఇవాళ ఆ గొంతు పిల్లికూన గొంతయింది. కళ్ళు కూడా తెరవడం లేదు.

సోమలింగం ఏరు దాటి మఠానికి పరుగెత్తి, గురువు విరూపయ్యగారి కాళ్ళ మీద పడ్డాడు.

"బిడ్డ గొంతు లేవడానికి ఏదైనా మంత్రం చెప్పండి స్వామీ!"

"పాలు తాగుతోందా?"

"ముర్రుపాలు పిండి పారబోయించాను. తొమ్మిది నెలలు నిలవున్న పాలు, మా ఇంట పసికందుకు పట్టరు. గుడ్డ పీలికతో బెల్లం నీళ్ళు చప్పరింపిస్తున్నాం."

"గౌరి ఏమంది?"

"పక్కింటి గొల్లల కోడలు పుట్టగానే రొమ్ముకి పెట్టుకుంది, నేనూ పెట్టుకుంటానన్నయ్యా అని ఏడ్చింది. వాళ్ళ ఆచారం వాళ్ళది, మనది మనదని కసిరాను."

విరూపయ్యగారు గడ్డం నిమురుకున్నారు. ఆ గడ్డంలో పిచ్చుకలు తరతరాలుగా కాపురముండేవి. లేచి, శిష్యుడు సోమలింగాన్ని కొట్టంలోకి తీసుకెళ్ళారు.

మఠం ఆవు అప్పుడే ఈనింది. ఒళ్ళు తడారని దూడ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి తల్లి పొదుగు వెతుక్కుంటోంది. ఆయన దాన్ని పలుపుతో దూరంగా గుంజకు కట్టేసి, శిష్యుడి చేతిలో చెంబు పెట్టారు.

"ముర్రుపాలు పిండి గోడవతల పారబోసి రా నాయనా. దూడకి బెల్లం నీళ్ళు కలుపుదాం."

సోమలింగం అదిరిపడ్డాడు. "మతి గాని పోయిందా స్వామీ! ముర్రుపాలు తాగకపోతే దూడ దక్కుతుందా? మనం జున్నుకి పిండుకున్నా, ముందు దాని కడుపు నిండాలి కదండీ!" అంటూనే పలుపు విప్పడానికి వంగాడు.

గురువుగారు అడ్డం రాలేదు.

"ఈ తల్లీ తొమ్మిది నెలలు మోసిందే కదరా," అన్నారు మెల్లగా.

ముడి మీద వేళ్ళు ఆగిపోయాయి. దూడ అతని బొటనవేలు అందుకుని చప్పరించసాగింది. ఆకలి ఆకలిగా, గట్టిగా.

పలుపు విప్పి దూడను పొదుగు దగ్గరికి వదిలాడు. ఆ తర్వాత గౌరి దగ్గరికి అతను పరుగెత్తిన పరుగుకి గాలి వెనకబడింది. తలపాగా ఏట్లో పడింది. ఆ ఏటి చేపలు ఇప్పటికీ శాస్త్రం మాట్లాడతాయి.

మర్నాడు సాయంత్రం తలపాగా లేకుండా వచ్చి గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఏటి అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు ఒకటి లేచింది. మఠం కప్పు మీద పెంకులు గలగలలాడాయి.

"నువ్వడిగిన మంత్రం అదిగో," అన్నారు విరూపయ్యగారు. "నీ మేనకోడలు చదువుతోంది, విను."