మేయని మేక

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ వాలున ఊరంటే ఊరు కాదు, రెండే రెండు ఇళ్లు. ఒకటి ఓబులమ్మది, ఇంకొకటి ఆమె మరిది సుంకన్నది. ఇళ్ల చుట్టూ రాతినేల. అందులో కాస్త కొర్ర చేను, మిగిలినదంతా గడ్డి. చెరొక మేకల మంద. ఇళ్ల కింద లోతైన వంక.

ఓబులమ్మ అత్త బతికి ఉన్నన్నాళ్లూ వాలులో ఒక వైపుకు మేకల్ని పోనిచ్చేది కాదు. అక్కడి రాయికి ఒక నల్లదారం కట్టేది. "ఈ యేడు ఇది కొండ వాటా. గింజ రాలి మళ్లీ మొలిచేదాకా మన మేకలకు ఇక్కడ పని లేదు" అనేది. మరుసటేడు ఆ దారం ఇంకో వైపు రాయికి మారేది.

అత్త పోయింది. కరువొచ్చింది. ఆకలికి అరిచే మేకల్ని చూడలేక ఓబులమ్మ దారం తెంపేసింది. అటువైపు తన వాలులో అత్త కట్టిన దారాన్ని సుంకన్నా తెంపేశాడు. మేకలు గడ్డిని మొదళ్లతో సహా కొరికేశాయి.

ఆ సాయంత్రమే అది వచ్చింది.

మంద దొడ్డికి మళ్లే వేళ ఓబులమ్మ కంటికి ఒక మేక ఎక్కువ కనబడింది. నల్లది. ఒక్కోదాన్నీ తడిమి లెక్క పెడితే మంద సరిపోయింది. తలెత్తి చూస్తే మళ్లీ ఒకటి ఎక్కువ. మెడలో గంట లేదు. మేయదు, అరవదు. అంత కరువులోనూ దాని ఒంటి నుంచి తడిసిన మట్టి వాసన. అది వాలు పైకెక్కి ఒకచోట పడుకుంది. మందంతా గొంతు మూసుకుంది.

పొద్దున చూస్తే అది లేదు. పడుకున్న చోట మనిషి దిగేంత గుంట. చుట్టూ గిట్ట గుర్తు ఒక్కటీ లేదు.

రెండోసారి అది కొర్ర చేను గట్టు మీద పడుకుంది. తెల్లారేసరికి గట్టు లేదు. సగం చేను వంకలో ఉంది.

సుంకన్న వాలునా అదే తంతు. దయ్యమన్నాడు. వాకిట్లో వేపమండలు కట్టాడు, కోడిని కోశాడు. దాని మీద రాళ్లు రువ్వితే రాయి పోయింది గానీ తగిలిన చప్పుడు రాలేదు.

 ఓబులమ్మ గుంటలోకి దిగి చూసింది. మేసేసిన చోట గడ్డివేర్లు ఎండి, తెగిన దారాల్లా వేలాడుతున్నాయి. గుంట అంచున ముళ్లకంపలో, మేకల నోటికి అందని దుబ్బు ఒకటి ఉంది. దాని కింది మట్టి మాత్రం గుప్పిట్లో పట్టినట్టు అట్లాగే నిలిచి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

మరుసటి సంతలో మందలో సగం అమ్మేసింది. మిగిలిన వాటిని దొడ్లో కట్టేసి, రేగు కొమ్మలూ తుమ్మకాయలూ మోసుకొచ్చి పెట్టింది. వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి, వాటి వెంట గడ్డిదుబ్బులు నాటింది. నల్లదారం కట్టింది.

సుంకన్న నవ్వాడు. "ఒక మేక ఎక్కువైందని సగం మందను అమ్ముకున్నావా వదినా? ఇంకోటి వస్తే ఇల్లు కూడా అమ్ముతావేమో."

"అది బోడినేల వెతుక్కుంటోంది సుంకన్నా. నువ్వూ దారం కట్టు" అంది ఓబులమ్మ.

అతడు కట్టలేదు. తొలి జల్లులు పడ్డాయి. అతని మేకలు మొలక కనబడ్డ చోటల్లా కొరికాయి. ఓబులమ్మ మేకలు కట్టుకొయ్యల దగ్గర పచ్చిక వైపు చూస్తూ అరిచాయి. ఆమె చెవులు మూసుకుంది గానీ దారం విప్పలేదు. గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది.

మూడోసారి అది పెద్దవాన ముందు వచ్చింది. పట్టపగలే కొండ చీకటైంది. నల్లమేక ఓబులమ్మ వాలంతా వాసన చూస్తూ తిరిగింది. ఎక్కడ చూసినా గడ్డే. చివరికి గడప ముందు నిలబడి నోరు తెరిచింది. నేల లోపల రాళ్లు దొర్లినట్టుంది ఆ గొంతు.

"నేను పడుకోవాలి. నా చోటేది?"

ఓబులమ్మ ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది. "నా నేలలో లేదు" అంది.

అది ఆమె కళ్లలోకి చూసి, సుంకన్న ఇంటి వైపు తిరిగింది.

ఓబులమ్మ వానలో పరిగెత్తింది. ఆమె పోయేసరికి అది సుంకన్న చూరు కింద పడుకుని ఉంది. "పిల్లల్ని తీసుకుని బయటికి రండి" అని కేకేసింది. సుంకన్న, భార్యా పిల్లలూ గడ్డి వాలు మీదికి చేరారో లేదో, వెనక ఇల్లూ దొడ్డీ మెల్లగా, పెద్ద చప్పుడు కూడా లేకుండా, వంకలోకి జారిపోయాయి.

వాన వెలిశాక ఓబులమ్మ అందరికీ గంజి పోసింది. సుంకన్న తలెత్తలేదు. ఆమె మట్టితో సహా పెకలించిన ఒక దుబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ముందు ఇది నాటు. ఇల్లు తరువాత."

అతడు దుబ్బు అందుకుని, "నల్లదారం ఉందా వదినా?" అన్నాడు.

ఇప్పటికీ ఆ కొండ మీద ఎండపూట తడిమట్టి వాసన వస్తే ఎవరూ మందను లెక్కపెట్టరు. గడ్డిని చూసుకుంటారు.

పిల్లలూ, మేపుకునేవాళ్లు నేలకు కొంత మిగల్చాలి. ఆ మిగిలిన గడ్డే మన ఇంటిని నిలబెడుతుంది.