బట్టీ సున్నం, రాజుగారి తాంబూలం

ఇంటి గోడ తెల్లగా మెరుస్తోందని మురిసిపోతున్నావు కదా. ఆ సున్నం కాల్చినవాడి కళ్లు ఏమయ్యాయని ఎప్పుడైనా అడిగావా? ధర మాత్రం అడిగావు. సిగ్గుపడి, ఇది విను.

ఒకానొక రాజ్యంలో రణభీముడనే రాజు, కూలీలను బాధపెట్టే బట్టీల సరుకు వర్తకులెవరూ కొనకూడదని కోట ముందు శాసనం చెక్కించాడు. వచ్చినవారందరికీ దాన్ని గర్వంగా చూపించేవాడు. కోటకు మాత్రం అందరికంటే చవకగా ఇచ్చే వర్తకుడు పేరిశెట్టి దగ్గరే సున్నం కొనేవాడు.

ఒకనాడు పోలమ్మ అనే బట్టీ కూలి సభకు వచ్చింది.

"దొరా, సున్నం దుమ్ముకి నా పెనిమిటికి ఒక కన్ను పోయింది. రెండోదీ మసకేసింది. మొహానికి గుడ్డ, కడుక్కోను నీళ్లు ఇమ్మంటే, శెట్టి ఇచ్చే ధరకి గిట్టదంటున్నాడు బట్టీ యజమాని."

"శాసనం ఉంది కదా. వెళ్లి ఆ యజమానికి చెప్పు," అన్నాడు రాజు.

ఆస్థాన విదూషకుడు దేవన్న ఇదంతా విన్నాడు. రాజుగారి భోజనం కాగానే తనే తాంబూలం పట్టుకొచ్చాడు.

రాజు ఆకు అందుకోబోయి ఆగాడు. "రోజూ ముందు రుచి చూసేవాడేడీ?"

"మాన్పించాను ప్రభూ. చవక సున్నం దొరికింది. శెట్టి మంచిదే అన్నాడు."

"అతనంటే సరా? నోరు పొక్కితే?"

"పొక్కదు. నోరు కాల్చే సున్నం తేకూడదని వంటశాల గోడ మీద చెక్కించాను. పెద్ద అక్షరాలే."

"గోడ మీది రాత నా నోటిని కాపాడుతుందటరా?"

"పోలమ్మ మొగుడి కంటిని కాపాడుతుందని తమరే సెలవిచ్చారు. ఊళ్లో సగం సున్నం కోటకే వస్తుంది. తమరు చవక అడుగుతారు, శెట్టి చవక తెస్తాడు. బట్టీకి వెళ్లి చూసేవాడు లేడు."

రాజు ఆకు కింద పెట్టాడు. నవ్వి, వేలి ఉంగరం తీసి ఇచ్చాడు.

"గట్టివాడివిరా. ఇకమీద నువ్వు చూసి సరేనన్న బట్టీ సున్నమే కోటకు. గుడ్డకూ నీళ్లకూ అయ్యేది ధరలో కలుపుతాం."

మర్నాడు దేవన్న బట్టీకి వెళ్లేసరికి పోలమ్మ మొగుడు, వచ్చిందెవరని భార్యను అడుగుతున్నాడు. రెండో కన్నూ పోయింది. వాళ్లకు కోటనుంచి తిండిగింజలు వెళ్లాయి. కళ్లు ఎవరిస్తారు?

ఆ బట్టీ సున్నానికి దేవన్న సరేననలేదు. కోట వద్దన్న సరుకని బజారు కూడా శెట్టిని వదిలేసింది. అమ్ముడుపోని రాతిసున్నం కొట్టంలో గుట్టలుగా మిగిలింది. తొలకరికి కప్పు కారింది. తడిసిన సున్నం ఉడుకెత్తి దూలాలు అంటుకున్నాయి. ఆర్పబోయి శెట్టి కుండలతో నీళ్లు కుమ్మరించాడు. పోసినకొద్దీ అది ఇంకా ఉడికింది. పొద్దుగూకేసరికి కొట్టమూ, దాన్ని ఆనుకున్న ఇల్లూ బూడిదయ్యాయి.