మొరాయించిన త్రాటిల్

శరభయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చేతికి పానా ఇస్తారు. వాయుసేనలో ఇంజన్లు విప్పీ బిగించీ తల నెరిశాక, గోదావరి పక్కన ఓ ప్రైవేటు విమానాల షెడ్డులో కుర్రకారుకు ఆ విద్యే నేర్పుతున్న మనిషి ఆయన. ఆ పానాకు జడిసి చాలామంది శిష్యులు ప్రశ్నలు మానేశారు. నూకరత్నం మానలేదు.

ఆవేళ మాత్రం ఆమె అడిగింది ఇంజను గురించి కాదు.

"మాస్టారూ, అందరూ సర్దుకుపోతున్న చోట నేనొక్కదాన్నే కుదరదని కూచుంటే, అది పొగరేనంటారా?"

అలా అడగాల్సివచ్చిన సంగతి ఇది. పెద్దిరాజుగారు రొయ్యల చెరువుల్లో గడించి, సరదాపడి ఓ చిన్న విమానం కొనుక్కున్నారు. తనే నడుపుతారు. షెడ్డూ ఆయనదే, అందులో జీతాలిచ్చేదీ ఆయనే. ఆ విమానంలో త్రాటిల్ అని ఒక పిడి ఉంది. లోపలికి నెడితే ఇంజను జోరందుకుంటుంది, బయటికి లాగితే నెమ్మదిస్తుంది. కొన్నాళ్ళుగా అది లాగేటప్పుడు సగంలో పట్టేస్తోంది. పట్టేస్తే ఏం? ఎడమకు కాస్త మెలితిప్పి లాగితే వచ్చేస్తుంది. ఈ కిటుకు రాజుగారే కనిపెట్టారు, షెడ్డంతా నేర్చుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు తలుపు ఎలా తియ్యాలో చెప్పినట్టే ఇదీ చెబుతారు. మన జనానికి వస్తువును బాగుచేసుకోవడం కన్నా దాని అలకలకు అలవాటుపడటం మీదే ప్రేమ ఎక్కువ. కాలు విరిగిన కుర్చీని గోడకు ఆనించి ఏళ్ళ తరబడి కూర్చోగలం. కొత్తవాడెవడైనా అందులోంచి పడితే, వాడికి కూర్చోవడం రాదని నవ్వుతాం కూడా.

ఆ ఉదయం రాజుగారు గోదారిని పైనుంచి చూపిస్తానని వాళ్ళమ్మ బంగారయ్యమ్మగారిని వెంటబెట్టుకొచ్చారు. విమానం బయల్దేరేముందు చేసే పరీక్ష రత్నం వంతు. పిడి లాగింది, పట్టేసింది. కిటుకు ఆమెకూ తెలుసు. అయినా మెలితిప్పలేదు. దిగి వెళ్ళి ముందున్న పంకాకు ఎర్రగుడ్డ కట్టేసింది. ఎర్రగుడ్డ ఉన్న విమానం ఎగరకూడదని అక్కడి కట్టుబాటు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారీనా? కాస్త సర్దుకుపోవే తల్లీ" అని తోటివాళ్ళు బతిమాలారు. ఆ మాటకే ఆమెకు ఒళ్ళు మండింది. బడిలో, బస్సులో, హాస్టల్లో, ఎక్కడికెళ్ళినా చోటు ఇవ్వకుండా సర్దుకోమన్నవాళ్ళే తగిలారు. వాళ్ళంతా కలిసి ఇప్పుడు విమానంలోకి కూడా వచ్చి కూర్చున్నారనిపించింది.

శరభయ్యగారు ప్రశ్న విన్నారు. పానా ఇచ్చారు.

"ఇంజను మూత విప్పమ్మా."

విప్పింది. పిడి నుంచి ఒక తీగ గొట్టంలోంచి వచ్చి, ఇంజను మీదున్న చిన్న మీటను పట్టుకుని ఉంది. ఆయన చెప్పినట్టే తీగను ఊడదీసి, మీటను వేలితో కదిపింది. హాయిగా కదిలింది. మళ్ళీ తగిలించి, వెళ్ళి పిడి లాగితే సగంలో పట్టేసింది. అంటే మీట పాపం ఏమీ లేదు, జబ్బు తీగలోనే ఉంది.

"తీగ మార్చాలి మాస్టారూ. కొత్తది వచ్చేదాకా ఇది ఎగరకూడదు."

"నాకు చెబితే ఏం లాభం? అదిగో, రాజుగారొస్తున్నారు."

రాజుగారు విసురుగానే వచ్చారు. "ఏవమ్మా, నా బండికి నువ్వు సంకెళ్ళేస్తావా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"గోటితో పోలేదండీ. గోటితో నెట్టుకొస్తున్నారు."

"మాటలు బానే వచ్చు! మా అమ్మ పొద్దున్నుంచీ ఆ కుర్చీలో కూచునుంది. గుడ్డ విప్పుతావా, రేపట్నుంచి ఇంకో చోటు చూసుకుంటావా?"

ఆమెకు ఇంకో చోటు లేదు. ఇంకొన్నాళ్ళు ఇక్కడ పనిచేస్తేగాని లైసెన్సు పరీక్షకు కూర్చోనివ్వరు. గురువుగారివైపు చూసింది. ఆయన తీరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

"విప్పనండీ. కావాలంటే నన్ను ఇప్పుడే పంపించెయ్యండి. అమ్మగారు ఎక్కితే మాత్రం చక్రాలకు అడ్డం పడుకుంటాను."

కుర్చీలోంచి బంగారయ్యమ్మగారు అందుకున్నారు: "ఒరే అబ్బాయ్, ఆ పిల్ల అంతలా అంటంటే, అదేంటో మాక్కూడా చూపించకూడదంట్రా?"

"చూపిస్తానే అమ్మా. అందరూ చూడండి!" అని రాజుగారు ఎక్కి కూర్చున్నారు.

"రత్నం, నువ్వు ఇంజను దగ్గరే ఉండు. మీట మీంచి కళ్ళు తియ్యకు" అన్నారు శరభయ్యగారు.

రాజుగారు పిడిని నెట్టారు, లాగారు. సగంలో పట్టేసింది. ఎడమకు మెలితిప్పి లాగారు, వచ్చింది. "ఇంతే!" అని మళ్ళీ పూర్తిగా నెట్టి, మళ్ళీ మెలితిప్పి లాగారు. ఈసారి వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. నెట్టారు, లాగారు. ఎక్కడా అడ్డు లేదు.

"చూశారా! పట్టెయ్యడమే మానేసింది! దీనికేనా ఇంత రాద్ధాంతం?"

షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇంతమంది ముందు తనది ఉత్త పొగరే అయిందా అనుకుంది రత్నం. అయినా కళ్ళు మీట మీంచి తియ్యలేదు.

"రాజుగారూ, ఇంకోసారి లాగండి."

"ఇదిగో లాగాను."

"ఇక్కడ మీట కదల్లేదండీ. ఇంజను నడుస్తూ ఉంటే పూర్తి జోరులోనే ఉండిపోయేది."

రాజుగారు గట్టిగా లాగారు. పిడి, దాని వెనక మూరెడు తీగ, ఆయన చేతిలోకి వచ్చేశాయి. తీగ కొన పురి విప్పిన నారతాడులా చీలి ఉంది. మెలితిప్పిన ప్రతిసారీ పోగు తర్వాత పోగు తెగుతూ వచ్చిందని ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. ఆయన ఆ తీగను చూశారు, కుర్చీలో కూర్చున్న తల్లిని చూశారు. దిగబోయి, మెట్టు మీదే కూర్చుండిపోయారు. రేపట్నుంచి రావద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

రత్నానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అంత తేలిగ్గా వచ్చేసరికి, నాదే తప్పేమో అనుకున్నాను మాస్టారూ."

శరభయ్యగారు ఆ తెగిన ముక్క తెచ్చి ఆమె అరచేతిలో పెట్టారు.

"తెగనంతకాలమే కదమ్మా, మొరాయించేది" అన్నారు.