నిప్పు దించిన రోజు

వకుళకు ఒకటే బాధ. ఇంజను తను చేసింది. రెండున్నరేళ్ల ఆదివారాలన్నీ పెట్టి, చక్రాల దగ్గర్నుంచి విజిల్ దాకా తన చేతులతోనే చేసుకుంది. అది నడుస్తోంది, చక్కగా నడుస్తోంది. అయినా ఉస్తాద్ దాని వెనక ఒక్క మనిషిని కూడా కూర్చోనివ్వడం లేదు.

ఉస్తాద్ పేరు హుస్సేన్ పీరా. బొగ్గు ఇంజన్ల కాలంలో గుత్తి రైల్వే షెడ్డులో బాయిలరు మేస్త్రిగా చేశాడు. పెద్ద ఇంజన్లు పోయాయి, ఆయన కొలువూ అయిపోయింది. ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేక, వెనకున్న చింతతోపులో చుట్టూ తిరిగొచ్చేలా ఒక చిన్న రైలు పట్టా వేసుకున్నాడు. రెండు పట్టాల మధ్య జానెడు కూడా ఉండదు. దాని మీద మోకాలెత్తు ఇంజన్లు నిజం బొగ్గుతో, నిజం ఆవిరితో నడుస్తాయి. ఇంజను వెనక ఒక పలకబండి ఉంటుంది. నడిపే మనిషి దాని మీద కూర్చుని, కాళ్లు రెండు పక్కలా పెట్టుకుని నడపాలి. ఆ వెనక ఇంకో రెండు బండ్లు తగిలిస్తే ఆరుగురు పిల్లలు పడతారు.

వకుళ ఐటీఐలో లేతు పని నేర్పుతుంది. ఆమె నాన్న మౌనేశాచారికి బస్టాండు దగ్గర లేతు షాపు ఉంది. రాగి బాయిలరుకు అతుకులు వేసిన రోజున ఉస్తాద్ పక్కనే కూర్చున్నాడు. తర్వాత దాన్ని చన్నీళ్లతో నింపి, మామూలుగా ఉండాల్సిన దానికి రెండింతల ఒత్తిడి పెట్టి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. ఆ సంగతి ఆచారి బజారంతా చెప్పుకొచ్చాడు. కూతురు చేసిన అతుకు గురించి చెప్పేటప్పుడు ఆయన తన షాపు సంగతి కూడా మరిచిపోయేవాడు.

ఒక ఆదివారం వకుళ ఇంకా ఆగలేక అడిగేసింది.

"ఉస్తాద్, నలభైసార్లు నడిపాను. ఒక్కసారి పట్టా తప్పలేదు, ఒక్కసారి ఆవిరి తగ్గలేదు. ఇంకా నాకేం రాలేదో చెప్పండి, నేర్చుకుంటాను."

ఆయన వంగి, బొగ్గు మండే నిప్పుగూట్లోకి చూశాడు.

"నిప్పు బాగుంది. ఒక నాలుగు చుట్లు తిప్పుకుని రా పాపా" అన్నాడు.

వకుళ నూనె డబ్బా తెచ్చుకుని, కదిలే కీళ్లన్నిటికీ తలా ఒక చుక్క వేసింది. బండి మీద కూర్చుని, ఆవిరిని వదిలే రెగ్యులేటరు మెల్లగా తెరిచింది. ఇంజను బుస్సుమని కదిలింది. ఆ మొదటి కదలిక ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఒళ్లు పులకరిస్తుంది. ఇనుము తన మాట విన్నట్టుంటుంది.

బాయిలరు వెనకవైపు నిలువుగా ఒక సన్నటి గాజు గొట్టం ఉంది, దాన్నే గ్లాసు అంటారు. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందులో కనపడుతుంది. నీళ్లు తగ్గితే పక్కనున్న చేతిపంపుతో కొట్టాలి. తగ్గి, తగ్గి, నిప్పుగూటి పైకప్పు నీళ్ల మీదికి తేలిందంటే రాగి కాగి మెత్తబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఉస్తాద్ ఎప్పుడూ వివరించి చెప్పలేదు. షెడ్డులో ఒకసారి చూశానని మాత్రం అన్నాడు.

రెండు చుట్లయ్యాయి. ఉస్తాద్ అరుగు మీద నుంచి అడిగాడు. "నీళ్లెంత?"

"సగం గ్లాసు ఉస్తాద్."

మూడో చుట్టు. "నీళ్లెంత?"

"సగం."

నాలుగో చుట్టు అయ్యేసరికి ఆయన చెయ్యెత్తాడు. వకుళ ఆపింది.

"పంపు కొట్టినావా?"

"లేదు. సగం ఉన్నాయి కదా."

"నాలుగు చుట్లు తిరిగింది. మరి ఇది తాగిన నీళ్లు యాడివి?"

వకుళ గాజు గొట్టం వైపు చూసింది. నీళ్లు సరిగ్గా సగంలో ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ఎక్కడున్నాయో అక్కడే, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఉన్నాయి.

ఉస్తాద్ వంగి, గొట్టానికి పైనా కిందా ఉన్న చిన్న కుళాయిలు రెండూ తిప్పి తెరిచాడు. గొట్టంలో నీళ్లు ఒక్కసారి ఉలిక్కిపడి, బాగా కిందికి జారాయి. ఇందాక ఆమె నూనె డబ్బా కోసం లోపలికి వెళ్లినప్పుడు ఆయన వాటిని మూసేశాడు. నాలుగు చుట్లూ ఆమె చూసింది గొట్టంలో ఇరుక్కున్న నీళ్లని.

"ఇంకో రెండు చుట్లకు సరిపడా ఉన్నాయి" అన్నాడు ఉస్తాద్. "ఆ సంగతి నాకు తెలుసు. నీకు తెలీదు."

వకుళకు ఏడుపొచ్చినంత పనైంది. "ప్రతి చుట్టుకీ చూశాను ఉస్తాద్. గ్లాసే నాకు అబద్ధం చెప్పింది."

"అది అబద్ధం చెప్పలా. నువ్వు అడగలా."

అంతే అన్నాడు. గొట్టం అడుగున నీళ్లు బయటికి వదిలే చిన్న కాక్ తెరిచాడు. నీళ్లు బుస్సున బయటికి చిమ్మాయి. మూశాడు. మరుక్షణంలో నీళ్లు గబుక్కున ఎగబాకి తమ చోటికొచ్చి, అక్కడ సన్నగా వణుకుతూ నిలిచాయి. అలా మూడుసార్లు చేసి, చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వకుళ మనుషుల్ని ఎక్కించే మాట ఎత్తలేదు. బయల్దేరే ముందు కాక్ తెరిచి గ్లాసును అడిగేది. ఆగిన ప్రతిసారీ అడిగేది. పొగగొట్టాల్లో బ్రష్షు పెట్టి మసి దులిపేది, బూడిద ఎత్తేది, పని అయ్యాక బాయిలరు ఖాళీ చేసి ఆరబెట్టేది. ఐటీఐలో పాఠం చెప్తూ కూడా ఒక్కోసారి ఆ వణికే నీళ్లు కళ్ల ముందు కనపడేవి.

ఏడాదికి ఒక రోజు ఉస్తాద్ తోపు గేటు తెరిచి, ఊళ్లో పిల్లలందరినీ రమ్మంటాడు. ఆ ఏడు ఆ రోజు పొద్దున వకుళ వెళ్లేసరికి ఆయన తన సొంత ఇంజనుకు గుడ్డ కప్పేసి ఉంచాడు. పట్టా మీద వకుళ ఇంజను ఉంది. వెనక మూడు బండ్లూ తగిలించి ఉన్నాయి. వకుళ నిప్పు రాజేసింది.

పదింటికి తోపు నిండిపోయింది. మౌనేశాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బజారులో వాళ్లను ఇరవైమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. అందరికంటే ముందు నిలబడ్డాడు.

మొదటి చుట్టు తిరిగొచ్చినప్పుడు పిల్లలు దిగమంటే దిగలేదు. వకుళ విజిల్ వేసింది. రెండో విడత, మూడో విడత. సేఫ్టీ వాల్వు సన్నగా బుసలు కొడుతోంది. ప్రతి విడతకూ ఆమె కిందికి వంగి కాక్ తెరవడం, మూయడం, నీళ్లు ఎగబాకడం చూడడం. ఆచారి పక్కవాళ్లకు చెప్తున్నాడు. "చూడండి, ఎట్లా చూసుకుంటాదో."

ఎనిమిదో విడతకు పిల్లలు ఎక్కి కూర్చున్నారు. వకుళ కాక్ తెరిచి మూసింది.

నీళ్లు గబుక్కున ఎక్కలేదు. మెల్లగా, బద్ధకంగా పైకొచ్చి పావు గ్లాసులో ఆగాయి. వణకలేదు. మళ్లీ చేసింది. ఈసారి ఇంకా నెమ్మదిగా వచ్చాయి. పంపు ఇరవైసార్లు కొట్టింది. గొట్టంలో మార్పు లేదు.

లోపల నీళ్లు ఉండే ఉంటాయి. ఇందాకే పంపు కొట్టింది. ఉండే ఉంటాయి. ఆమె తలెత్తి చూసింది. వరసలో ఇంకా యాభైమంది పిల్లలున్నారు. నాన్న ముఖం వెలిగిపోతోంది. ఉస్తాద్ ఎక్కడో వెనక చెట్టుకింద నిలబడి ఉన్నాడు. ఆయన ఇంజను దగ్గరికి రాలేదు.

"పిల్లలూ, దిగండి" అంది వకుళ. "అందరూ కాస్త దూరంగా జరగండి."

వాళ్లు జరిగాక, నిప్పుగూటి అడుగును పట్టి ఉంచే మేకు లాగేసింది. కణకణమంటున్న బొగ్గులన్నీ పట్టాల మధ్య కుప్పగా పడ్డాయి. సేఫ్టీ వాల్వు బుస తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఒక చిన్నపిల్ల ఏడవడం మొదలుపెట్టింది.

గుంపులోంచి ఎవరో నవ్వుతూ అన్నారు. "ఏం ఆచారీ, ఆగిపోయిందా మీ బండి?"

మౌనేశాచారి ఆ మనిషి వైపు తిరిగాడు. నెమ్మదిగానే అన్నాడు, కానీ అందరికీ వినపడింది.

"ఆగిపోలా. మా పాప ఆపింది."

మధ్యాహ్నానికి బాయిలరు చల్లారింది. ఉస్తాద్ వచ్చి పైనున్న మూత విప్పాడు. ఒక కమ్మీ లోపలికి దించి, తీసి, వకుళకు చూపించాడు. కమ్మీ మీద తడి, నిప్పుగూటి కప్పుకు పైన ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు దాకా ఉంది. నీళ్లు కావలసినన్ని ఉన్నాయి. గొట్టానికి వెళ్లే సన్నటి దారిలో సున్నపు పెళ్ల ఒకటి అడ్డం పడింది, అంతే.

వకుళ తల వంచుకుంది. "ఆ దారి విప్పి శుభ్రం చేసుకోవాల్సింది నేనే."

"అవును, నీ తప్పే. ఇకమీద నెలకొకసారి విప్పి చూడు."

"నీళ్లున్నాయి ఉస్తాద్. ఊరికే దించేశాను. అంతమంది పిల్లలు..."

"దించేటప్పుడు తెలుసునా, ఉన్నాయని?"

"తెలీదు."

ఆయన కమ్మీని తన పంచె కొంగుతో తుడిచి పక్కన పెట్టాడు.

వకుళ ఆ పెళ్ల గీకి తీసింది. దారిలో సన్నటి తీగ పెట్టి ఇటూ అటూ ఆడించింది. నాన్న చొక్కా చేతులు మడుచుకుని, తొట్టిలోంచి వాననీళ్లు ముంచి అందించాడు. మళ్లీ నిప్పు రాజేసేసరికి నాలుగు దాటింది. గుంపు పలచబడింది. ఇంటికి పోమన్నా పోని పిల్లలు నలుగురు మాత్రం గట్టు మీద కూర్చుని ఉన్నారు. వకుళ కాక్ తెరిచి మూసింది. నీళ్లు గబుక్కున ఎగబాకి సన్నగా వణికాయి.

నలుగురు పిల్లల్నీ ఎక్కమంది. వాళ్లు ఎక్కాక చివర్న ఇద్దరు పిల్లలు పట్టే చోటు మిగిలింది. ఉస్తాద్ చెప్పులు విప్పి పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆ చోట కూర్చున్నాడు. ఆయన ఎవరి ఇంజను వెనకా కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆచారి గబగబా వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఉస్తాద్, వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఇంజను అటుంది."

"తెలుసులే ఆచారీ. ముప్పై ఎనిమిదేళ్లు బాయిలరు మీదనుంచి కన్ను తీయలేదు నేను" అన్నాడు ఉస్తాద్. "ఈ పొద్దు చెట్లు చూస్తా. పోనియ్ పాపా."