‘అక్కడ నొప్పి సార్’

ఫణికుమార్ ఆ రోజు రుసరుసలాడుతూ వచ్చాడు. ఒంగోలులో ఓ డిగ్రీ కాలేజీలో పిల్లల కష్టసుఖాలు వినే కౌన్సెలర్ ఉద్యోగం అతనిది. ఆ పని నేర్పిన గురువు కాత్యాయని మేడమ్. ఏ చిక్కొచ్చినా ఆవిడ దగ్గరికే పరుగెత్తుకొస్తాడు.

"అందరూ నన్నే తప్పుపడుతున్నారు మేడమ్," అన్నాడు. "సెకండియర్ నీలవేణికి ఆపరేషన్ అయింది. ఇన్‌ఫెక్షన్ గర్భసంచి దాకా పాకిందట. నాలుగు నెలల ముందే వచ్చుంటే మాత్రలతో పోయేదని డాక్టరమ్మ అన్నదట. ఇక పిల్లలు పుట్టడం కష్టమేనట. కాలేజీ కూడా మానేసింది."

"నీ దగ్గరికి వచ్చిందా?"

"నాలుగు నెలల క్రితమే వచ్చింది. కడుపునొప్పి అని రాసుకుని, మాత్ర ఇప్పించి పంపాను. అసలు సంగతి నోరు విప్పి చెప్పాలి కదండీ! ఈ ఆడపిల్లలతో ఇదే తంటా. అన్నీ లోపల దాచుకుంటారు, నిందలు మనకి."

తప్పంతా ఆ పిల్ల మీదికి తోసేసి హమ్మయ్య అనుకున్నాడు మహానుభావుడు.

మేడమ్ లేచి, గది తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"కడుపునొప్పి అని తనే అందా?"

"లేదండీ. 'అక్కడ నొప్పి సార్' అంది. అంతే."

"ఎక్కడ?"

"అదే మేడమ్... అక్కడ."

"అదే, ఎక్కడ నాయనా?"

ఫణి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంగ్లీషులో చెప్పనా?" అన్నాడు.

"ఆ పిల్ల నీకు ఇంగ్లీషులో చెప్పిందా?"

మేడమ్ అతని ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. ఫణి దగ్గాడు. నీళ్ళు తాగాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మాట గొంతుదాకా వచ్చింది గానీ పెదవి దాటలేదు. చివరికి తల దించేసుకున్నాడు.

"నా వల్ల కావట్లేదు మేడమ్. సిగ్గేస్తోంది."

"నాకు అరవై నాలుగేళ్ళు. మీ అమ్మకంటే పెద్దదాన్ని. పైగా నీకు నొప్పి కూడా లేదు."

మేడమ్‌కి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ పిల్లకి పంతొమ్మిది. నొప్పి ఓర్చుకుంటూ, ఒక్కతే వచ్చి, మగవాడి ముందు కూర్చుని, 'అక్కడ' అన్నంత దూరం వచ్చింది," అన్నారు. "ఒక్క అడుగు, నువ్వు ఎదురెళ్ళలేకపోయావు."