కరాళుడి దొంగచుక్కలు

వెనకటికి సముద్రపు ఒడ్డున ధవళపురాన్ని వీరకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల నల్లకొండ మీద కరాళుడనే మాంత్రికుడు కనకాంగి అనే రాజకుమార్తెను చెరపట్టాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ రెండోవాడు వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. ఇక కడగొట్టువాడు సుకేతుడు బయలుదేరాడు. భయం లేకపోలేదు. కానీ అన్నలు గుర్తొస్తే ఇంట్లో కాలు నిలవలేదు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఏడుస్తోంది.

"ఏమైంది అవ్వా?"

"ఏం చెప్పను నాయనా! నల్లకొండ కింద ఇసుకలో నా పిల్లలు పుడతాయి. వెలుగు చూసుకుని సముద్రంలోకి నడవాలి. ఆ కరాళుడు పొడుగాటి గడలకు దీపాలు కట్టి దొంగచుక్కలు నిలబెట్టాడు. వాటిని నమ్మి కొండెక్కిన నా బిడ్డలు రాళ్ళయిపోతున్నాయి. రా, నా వీపెక్కు. ఒక్కటి గుర్తుంచుకో. గ్రహాలు మిణుకుమనవు, నిలకడగా వెలుగుతాయి."

ఏడు సముద్రాలూ దాటి సుకేతుడు కొండెక్కాడు. దారంతా రాతిమనుషులు. అందరూ తలెత్తి ఆకాశంకేసి చూస్తూనే బిగుసుకుపోయారు. వాళ్ళలో తన అన్నలిద్దరూ కనబడేసరికి పరుగున వెళ్ళి వాళ్ళను తడిమాడు.

"మూడు సంధ్యలు, మూడు ప్రశ్నలు," అన్నాడు కరాళుడు వెనకనుంచి. "గెలిస్తే పిల్లను తీసుకుపో. తప్పితే నువ్వూ రాయివే. శుక్రుడేడీ?"

పొద్దు గుంకింది. పడమట ఎన్నో వెలుగులు! సముద్రపు గాలికి అన్నీ వణుకుతున్నాయి. తెల్లగా మెరిసేవాటిలో ఒక్కటి మాత్రం వణకడం లేదు. సుకేతుడు దాన్ని చూపించాడు. కరాళుడు పళ్ళు కొరికాడు.

తెల్లవారుజామున తూర్పున గురుణ్ణి చూపించమన్నాడు. సుకేతుడు అదీ అలాగే చూపించాడు. కరాళుడు విసవిసా వెళ్ళిపోగానే కనకాంగి వచ్చి గుసగుసలాడింది.

"దీపాలన్నీ నాచేతే తాళ్ళతో గడల పైకి లాగిస్తాడు. ఒక్క ఎర్రదీపాన్ని మాత్రం తాకనివ్వడు. అభ్రకపు గూట్లో పెట్టి, గాలి సోకకుండా తనే కాచుకుంటాడు. ఎందుకో తెలీదు. జాగ్రత్త!"

మళ్ళీ పొద్దు గుంకింది. "కుజుడేడీ?" అన్నాడు కరాళుడు.

పడమట రెండు ఎర్రని వెలుగులు. రెండూ వణకడం లేదు! చెప్పడం ఆలస్యమయ్యేకొద్దీ సుకేతుడి పాదాలు రాయవుతున్నాయి. మోకాళ్ళు రాయయ్యాయి. నడుము చల్లబడుతోంది.

"చెప్పు!" కరాళుడు నవ్వాడు.

సుకేతుడు రెప్ప వెయ్యలేదు. అన్ని చుక్కలతోపాటు ఒక ఎర్రవెలుగు మెల్లమెల్లగా సముద్రంకేసి దిగుతోంది. రెండోది ఉన్నచోటే ఉంది.

"దిగేది కుజుడు!" అని అరిచాడు. అరుస్తూనే అతనికి తట్టింది. అంత భద్రంగా కాచుకునేది వాడి ప్రాణం కాక మరేమిటి? మొలలోని కత్తి తీసి, గడల దగ్గరున్న కనకాంగికేసి విసిరాడు. "కనకాంగీ! కదలనిదాని తాడు కొయ్యి!"

కరాళుడు గావుకేక పెట్టి ఆమె మీదికి దూకాడు. వాడి గోళ్ళు ఆమె జడకు తగిలాయి. అయినా ఆమె కత్తి వదల్లేదు. తాడు తెగింది. దీపం బండమీద పడి ఆరిపోయింది. కరాళుడు పిడికెడు బూడిదయ్యాడు.

సుకేతుడి కాళ్ళకు కదలిక వచ్చింది. రాతిమనుషులు ఊపిరి పీల్చుకున్నారు. అన్నలు తమ్ముణ్ణి వాటేసుకున్నారు. చిట్టి తాబేళ్ళు బిలబిలా సముద్రంలోకి దిగాయి.

కనకాంగి తండ్రి సుకేతుడికి కూతుర్నీ, రాజ్యాన్నీ ఇచ్చాడు. వాళ్ళు జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు. పెద్దన్న మాత్రం ఏళ్ళ తరబడి, మునిమాపువేళ తల దించుకునే నడిచేవాడు. ఒకనాడు సుకేతుడి కూతురు ఆయన చంకెక్కి, గడ్డం పట్టి పైకెత్తింది.

"పెదనాన్నా, అదిగో శుక్రుడు!"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది.

"అవునే తల్లీ," అన్నాడు, "ఎంత బాగున్నాడో!"